బ్రెజిల్ వెళ్ళిన బందరు పులి

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి పేరు బందరు. ఆ ఊళ్ళో ఒక పులి ఉండేది. దుప్పటి కిందికి దూరకు బంగారూ, నిజం పులి కాదు. దసరాకి పులి వేషం కట్టే పేరయ్య. మిగతా రోజుల్లో చేపల వలలు అల్లుకునేవాడు. మోకాళ్ళ నొప్పులు, బట్టతల, ముందు పన్ను ఒకటి లేదు. కానీ ఒంటికి రంగు పడిందంటే ఆ మనిషి మాయమైపోయి పులి వచ్చి నిలబడేది.

పులికి ఇద్దరు స్నేహితులు. ఒకడు మస్తాను. పేరయ్య ఒంటికి పసుపురంగు పూసి, నల్ల చారలు గీసి, పొట్టకి తెలుపు రాసి, తోక కట్టేది అతనే. ఇంకొకడు ఏసోబు. డప్పు కొట్టేవాడు. ఆ డప్పు మోగకపోతే పులికి అడుగు పడదు. ముగ్గురూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. చదివింది తక్కువ, కూర్చున్నది ఎక్కువ అనుకో.

పేరయ్య పులికి ఒక నియమం ఉంది. వాళ్ళ తాతనాటి నుంచి వస్తోంది. వీధిలో ఎవరైనా బిడ్డని ముందుకు చాపితే పులి ఆగాలి. ఎందుకో చెప్పనా? పులి ఆ బిడ్డని ఎత్తుకుని గిర్రున ఒక చుట్టు తిప్పి దించితే, బిడ్డలో ఉన్న భయం పులి తోకలోకి పోతుంది. ఆట అయ్యాక పులి సముద్రానికి వెళ్ళి, ఆ భయాలన్నీ రంగుతో పాటు కడిగేసుకుంటుంది. బందరులో చీకటికి జడవని పిల్లలంతా ఎప్పుడో ఒకప్పుడు పేరయ్య చంకెక్కినవాళ్ళే.

ఇలా ఉండగా ఒక ఏడు బెజవాడలో ఉత్సవాలకి బ్రెజిల్ దేశం ఆటగాళ్ళు వచ్చారు. బ్రెజిల్ ఎక్కడుంది? మొన్న గ్లోబు తిప్పి చూపించానా లేదా? మనం ఇటుంటే అది బంతికి అవతలి పక్క. మనం ఇక్కడ పడుకునే వేళకి వాళ్ళు మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటారు. ఆ ఆటగాళ్ళు పేరయ్య పులిని చూసి ముచ్చటపడి, మా కార్నివాల్‌కి రండి అని పిలిచారు. కార్నివాల్ అంటే వాళ్ళకి ఏటా వచ్చే పెద్ద పండగ. ఊళ్ళకి ఊళ్ళు రోడ్డు మీదికొచ్చి ఆడతాయి, పాడతాయి.

అప్పుడు ముగ్గురు స్నేహితులూ విమానం ఎక్కారు. మస్తాను రంగుల పెట్టె సర్దుకున్నాడు, ఏసోబు డప్పుని పాత దుప్పట్లో చుట్టుకున్నాడు. పేరయ్య మాత్రం తోకని పెట్టెలో పెట్టనివ్వలేదు. పసిపిల్లలా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. పక్క సీటాయన రియో చేరేదాకా దానివైపు ఓరగా చూస్తూనే ఉన్నాడు.

రియో అనే ఆ ఊరు ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. కొండ మీద ఇళ్ళు బొమ్మల కొలువులా మెట్లు మెట్లుగా ఉంటాయి. అక్కడ ఒక్కో పేట వాళ్ళూ కలిసి ఒక ఆట బృందం పెట్టుకుంటారు. దాన్ని వాళ్ళు బడి అంటారు. పలకా లేదు, బలపమూ లేదు, చదువంతా ఆటే. అలాంటి బడి ఉంటే నువ్వు రోజూ చక్కగా వెళ్తావు, నాకు తెలుసు.

మనవాళ్ళని పిలిచిన బడికి పెద్దదిక్కు డోనా జురేమా. డోనా అంటే మనం అమ్మగారు అంటామే, అలాగన్నమాట. జురేమా అమ్మగారూ, ఆమె ఈడు ఆడవాళ్ళూ గంటల్లాంటి పెద్ద పెద్ద తెల్ల పావడాలు కట్టుకుని గిరగిరా తిరుగుతారు. ఆమె ఫోనులో తన భాష మాట్లాడితే, ఆ ఫోను తెలుగులో చెప్పేది. ఏసోబు ఆ ఫోనుకి కూడా దండం పెట్టి మాట్లాడేవాడు.

వెళ్ళగానే ఒక చిక్కు వచ్చింది. ఆ ఏడు వాళ్ళ పాట అడవి గురించి. ఆ దేశపు అడవుల్లో ఉండే పెద్ద పిల్లికి ఒంటి మీద మచ్చలుంటాయి, చారలుండవు. మస్తాను కుంచెతో గీసిన చారలు చూసి అక్కడివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మచ్చలు పెట్టమంటే మస్తానుకి చెయ్యి రాలేదు. అప్పుడు జురేమా అమ్మగారు నవ్వేసి, చుట్టం ఏ బట్ట కట్టుకొస్తే అదే ముద్దు, చారలు ఉండనివ్వండి అంది.

ఆ తర్వాత ఆమె ముగ్గురినీ కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పింది. ఊరేగింపులో ఆగకూడదు. ముందు నడిచేవాళ్ళకీ మనకీ మధ్య ఖాళీ రానివ్వకూడదు. పాట పాడుతున్న నోరు మూయకూడదు. పైన కూర్చున్న పరీక్షకులు ఖాళీ కనిపిస్తే మార్కులు తీసేస్తారు. పోయినేడు మన బడి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది, ఈసారి మార్కులు పోతే వచ్చే ఏడు పెద్ద రోడ్డు మీద ఆడనివ్వరు, ఏడాదంతా కుట్టిన బట్టలన్నీ ఊరి చివర సందులో చూపించుకోవాలి అంది.

పేరయ్య గొంతు సవరించుకుని, మరి ఎవరైనా బిడ్డని చాపితే అని అడిగాడు. తన నియమం చెప్పాడు. జురేమా అమ్మగారు తల అడ్డంగా ఊపింది.

"ఆ ఒక్క రోజూ వద్దు నాయనా," అంది.

పేరయ్య ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు.

రోజూ సాయంత్రం కొండ మీద ఆట నేర్పేవాళ్ళు. పేటలో పిల్లలంతా వరస కట్టి పులి చంకెక్కేవాళ్ళు. ఒక్క పిల్ల మాత్రం రాలేదు. దాని పేరు నైరా, జురేమా అమ్మగారి మనవరాలు. ఒకసారి పెద్ద వాన పడి కొండంతా కరెంటు పోయినప్పటి నుంచి దానికి చీకటంటే వణుకు. దీపం ఆర్పితే నిద్రపోదు. అమ్మమ్మ పావడా చాటు నుంచి పులిని చూసేది, పులి ఇటు తిరిగితే దాక్కునేది. పేరయ్య పిలవలేదు. అది తనంతట తనే రావాలి.

పండగ రోజు వచ్చింది. వీళ్ళ బడిదే మొదటి వంతు. పొద్దు వాలుతుండగా డోళ్ళు మోగాయి. వందల డోళ్ళు. ఆ హోరులో ఏసోబు డప్పు చుక్కంత. అయినా పేరయ్య చెవికి అదొక్కటే వినపడింది. ముందు ఈకలు కట్టుకున్న పిట్ట వేషాలవాళ్ళు, వాటి వెనక మన పులి, పక్కన స్నేహితులిద్దరూ, వాళ్ళ వెనక తెల్ల పావడాలు. పాట రాదు కదా, నోరు కదిలితే చాలని పేరయ్య ఆ వరసలోనే రెండో ఎక్కం పాడుకున్నాడు.

కొంత దూరం వెళ్ళాక, రోడ్డు పక్క కటకటాల అవతల నుంచి, పేటవాళ్ళ నోట పులి సంగతి విన్న ఒకాయన పసివాణ్ణి చాపాడు. పేరయ్య ఎత్తుకోబోయాడు. ఇచ్చిన మాట గుర్తొచ్చి ముందుకే నడిచాడు.

ఇంకొంచెం దూరం వెళ్ళాక ఒకామె కవల పిల్లల్ని చాపింది. ఈసారి పేరయ్య నడుస్తూ నడుస్తూనే తోక ఊపి, దాని కొస ఇద్దరి చేతులకీ తగిలించాడు. పిల్లలు కిలకిలా నవ్వారు.

పరీక్షకులు కూర్చున్న చోటు కనిపిస్తోంది. అక్కడ కటకటాల దగ్గర వాళ్ళమ్మ చంకలో నైరా ఉంది. ఈసారి ఎవరూ బిడ్డని చాపలేదు. నైరాయే వణుకుతూ తన రెండు చేతులూ పులివైపు చాపింది.

పేరయ్య కాళ్ళు ఆగిపోయాయి.

పిట్టలు ముందుకు వెళ్ళిపోతున్నాయి. మధ్యలో రోడ్డు బోసిగా తెరుచుకుంటోంది. మస్తాను చెవి దగ్గరికొచ్చి, "ఒరేయ్ పేరయ్యా, కొంప మునుగుతుందిరా, కదులు," అన్నాడు.

"మునిగితే మునగనీరా," అన్నాడు పేరయ్య. "ఈ పిల్ల ఈ చేతులు మళ్ళీ చాపదు."

నైరాని ఎత్తుకున్నాడు. ఏసోబు బందరు దరువు అందుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి జురేమా అమ్మగారు చూసింది. ముందున్న ఖాళీ చూసింది, పులి చంకలో మనవరాల్నీ చూసింది. చెయ్యి పైకెత్తింది. అంతే, తెల్ల పావడాలు రెండు పాయలుగా విడిపోయాయి. పులికి అటూ ఇటూ గిరగిరా తిరుగుతూ దాటుకుపోయి, గొడుగులు విప్పినట్టు విచ్చుకుని, పిట్టల తోకల దాకా రోడ్డంతా నిండిపోయాయి. ఖాళీ అన్నది లేకుండా పోయింది. ఆ పావడాల నడుమ పులి నైరాని గిర్రున ఒక చుట్టు తిప్పి, వాళ్ళమ్మ చంకలో పెట్టి, అడుగు కలిపింది.

మర్నాడు తెల్లవారగానే పేరయ్య సముద్రానికి వెళ్ళి తోక తడిపి, రంగు కడుక్కున్నాడు. పసుపూ నలుపూ అలల్లో కలిసిపోయాయి. గట్టెక్కేసరికి జురేమా అమ్మగారు నైరా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పేరయ్య తల వంచుకున్నాడు, మాట తప్పానని. ఆమె ఫోను అతని చెవి దగ్గర పెట్టింది.

"నిన్ను తిడదామనే వచ్చాను. కానీ రాత్రి దీపం ఇదే ఆర్పింది."

నైరా పేరయ్యని ఎగాదిగా చూసింది. బట్టతల, ఊడిన పన్ను. పులి ఎక్కడికి పోయిందని దానికి బెంగ పట్టుకుంది. అటూ ఇటూ వెతికి, ఒడ్డున ఉన్న మస్తాను రంగుల పెట్టెలోంచి కుంచె తీసి నలుపులో ముంచింది. పేరయ్య వంగాడు. ఎడం చెంప మీద వంకరగా ఒక చార గీసి, ఇప్పుడు సరిపోయిందన్నట్టు తల ఊపింది.

ఆ తర్వాత ఫలితం వచ్చింది. వాళ్ళ బడి మొదటిది కాలేదు. కానీ ఖాళీకి ఒక్క మార్కూ పోలేదు, పెద్ద రోడ్డూ పోలేదు. పేటంతా మొదటి బహుమతి వచ్చినంత సంబరం చేసింది.

ముగ్గురూ తిరిగి విమానం ఎక్కారు. మొహం కడుక్కున్నప్పుడల్లా పేరయ్య ఎడం చెంపని వదిలేసేవాడు. బందరులో దిగేసరికి చార ఇంకా ఉంది. ఏంటయ్యా ఆ మసి అని ఇంట్లోవాళ్ళు తుడవబోతే వెనక్కి జరిగాడు. అది మసి కాదు, బ్రెజిల్‌లో నన్ను పులిని చేసింది ఒక పిల్ల, అన్నాడు.

ఇక దీపం ఆర్పనా? నువ్వే ఆర్పుతావా? సరే బంగారూ.

కథ కంచికి,
పులి ఇంటికి,
చార చెంపకి,
నిద్ర కంటికి.