చెంగలపురంలో పాతగుడ్డ కరువు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికొక రాజు. ఆ రాజుకొక పిచ్చి. ఊరి పేరు చెంగలపురం, రాజు పేరు ధవళసేనుడు, పిచ్చేమో కొత్తబట్టల పిచ్చి.

పొద్దున్న కట్టిన పంచె సాయంత్రానికి ఆయన కంటికి పాతదైపోయేది. విప్పిన బట్టను మళ్ళీ ముట్టుకునేవాడు కాడు. పోనీ ఎవరికైనా ఇస్తాడా అంటే అదీ లేదు. రాజు విడిచిన బట్ట మరొకరు కడితే రాజుకు పరువు తక్కువని బట్టల వర్తకుడు మాణిక్యం ఆయన చెవిలో ఊదాడు. దాంతో రోజూ దీపాలు పెట్టే వేళకు కోట పెరట్లో ఒక మంట లేచేది. తెల్లారగానే మాణిక్యం కొత్త మూట విప్పేవాడు. రాజుకు ఇది గొప్పగా తోచింది. మాణిక్యానికైతే ఇంకా గొప్పగా తోచింది.

అదే ఊళ్ళో బొంతల పారమ్మ ఉండేది. ఇంటింటికీ తిరిగి చిరిగిన చీరలు, వెలిసిన పంచెలు, పొట్టైపోయిన పరికిణీలు అడిగి తెచ్చుకునేది. వాటిని ఉడకబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి బొంతలు కుట్టేది. మిగిలిన ముక్కలతో సంచులు, గుడ్డబొమ్మలు కుట్టేది. ఇంకా మిగిలిన పీలికలు దీపాలకు వత్తులయ్యేవి. తన చేతిలో పడ్డ గుడ్డ ఏదీ ఊరికే పోదని ఆమెకు తెలుసు. తెలుసని నలుగురికీ చెప్పుకునేది కూడా. గొప్పలు చెప్పుకునే మనిషే, కాని చెప్పినవన్నీ నిజాలే, ఏం చేస్తాం.

ఒకనాడు రాజు ఏనుగెక్కి ఊరేగుతూ, పారమ్మ వీధరుగు మీద ఆరవేసిన బొంతను చూశాడు. అందులో ఎరుపు ముక్క పక్కన పసుపు ముక్క, దాని పక్కన గళ్ళ ముక్క. వెంట ఉన్న మాణిక్యం పెద్దగా నిట్టూర్చాడు.

"ప్రభూ, పొరుగు దేశపు రాయబారులు దీన్ని చూస్తే ఏమనుకుంటారు? చెంగలపురంలో గుడ్డకు గతిలేదనుకోరా?"

రాజుకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే దండోరా వేయించాడు. ఊళ్ళో పాతగుడ్డ కంటబడకూడదు. ఉన్నదంతా నాలుగువీధుల కూడలిలో కాల్చెయ్యాలి. బదులుగా ఇంటింటికీ కొత్తబట్టలు వస్తాయి. రంగు వెలిస్తే వాటినీ కాల్చాల్సిందే.

ఊరంతా సంబరపడింది. ఊరికే కొత్తబట్టలొస్తే ఎవరు కాదంటారు, మీరైతే అంటారా? పారమ్మ ఒక్కతే తన మూట మీద కూర్చుని లేవలేదు. భటులు ఆమెను మూటతో సహా రాజు ముందు నిలబెట్టారు.

"మూటనైనా కాల్చు, లేదా మూట తీసుకుని ఊరైనా విడిచిపో," అన్నాడు రాజు.

పారమ్మ పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే. కట్టుకున్నవాడు పోయాక ఒంటిచేత్తో నెగ్గుకొచ్చిందీ ఆ ఊళ్ళోనే. ఆమెకు ఇంకో ఊరు తెలియదు. అయినా మూట ముడి బిగించింది.

"పోతాను మారాజా. ఇవి కాల్చుకుంటే నా చేతులకు పనేముంది? ఏటి ఒడ్డున కుమ్మరి వదిలేసిన పాకలో ఉంటాను. వీటితో మీకు పని పడినప్పుడు కబురంపండి, మొహమాటపడకండి."

మాణిక్యం నవ్వాడు. రాజు కూడా నవ్వాడు. పారమ్మ మూట నెత్తికెత్తుకుని ఊరి గుమ్మం దాటింది.

మొదటి చిక్కు కోట వంటశాలలో వచ్చింది. పొయ్యి మీద పులుసు గుండిగ కుతకుత ఉడుకుతోంది. దించడానికి మసిగుడ్డ లేదు. వంటవాడు వీరన్న చేతికందిన జరీ ఉత్తరీయంతో గుండిగ పట్టుకున్నాడు. జరీ చుర్రుమని కాలింది. గుండిగ జారింది, పులుసంతా నేలపాలైంది. ఆ పూట రాజు ఉత్త మజ్జిగన్నం తిన్నాడు. వీరన్న చల్లగా ఏటి ఒడ్డుకు పోయి పారమ్మ ముందు కాలిన వేళ్ళు చాపాడు. ఆమె పాత దుప్పటి ముక్కను నాలుగు మడతలు వేసి, చుట్టూ కుట్టి ఇచ్చింది. అతను దాన్ని బొడ్లో దోపుకుని ఊళ్ళోకి పోయాడు.

రెండో చిక్కు నీళ్ళ రేవులో వచ్చింది. ఆడవాళ్ళు నీళ్ళకుండ కింద చుట్టకుదురు పెట్టుకోవాలి కదా. పాత చీర పీలికలైతే జడల్లి చుట్టచుట్టి తల మీద పెట్టుకుంటే బిగిసి నిలుస్తాయి. కొత్త పట్టు చుడితే నున్నగా జారిపోయింది. గంజి పెట్టిన కొత్త నూలు చుడితే బిర్రబిగిసి నిలవనే లేదు. కుండలు పగిలాయి, నడుములు పట్టేశాయి. ఆడవాళ్ళంతా ఒకరికి తెలియకుండా ఒకరు పారమ్మ పాకకు వెళ్ళారు. అక్కడ అందరూ కలుసుకున్నారు. పారమ్మ నవ్వి, పీలికలు అల్లడం వాళ్ళ చేతనే చేయించింది. ఆ కుదుళ్ళను పైట కొంగుల్లో దాచుకుని వాళ్ళు ఇళ్ళకు చేరారు.

మూడో చిక్కు అన్నిటికంటే పెద్దది. అది రాణిగారి గదిలో వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూడగా రాణిగారికి ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని పసిగుడ్డును రెండు చేతుల్లో పట్టుకుని తలుపు చాటు నుంచి కేకేసింది.

"పొత్తిగుడ్డలు తెండి."

పుట్టిన బిడ్డను చుట్టే పాత మెత్తని గుడ్డలకు మనవాళ్ళు పెట్టిన పేరది. పురుడు వెళ్ళేదాకా పసిబిడ్డకు కొత్తబట్ట చుట్టరు. రాజైనా అంతే, కూలివాడైనా అంతే. దాసీలు పెట్టెలన్నీ తెరిచారు. అన్నీ కొత్తవే. రాణిగారి చీరలు మడత కూడా విప్పనివే.

మాణిక్యం పరుగున పట్టు తెచ్చాడు. బిడ్డ అందులోంచి జారిపోబోయింది. నూలు తెచ్చాడు. గంజి గరుకుకు లేత ఒళ్ళు ఎర్రగా కందిపోయింది. మఖమల్ తెచ్చాడు. ఉక్కకు బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

మంత్రసానికి కోపం వచ్చింది. "దొరా, మీరు కట్టి ఉతికించిన బట్ట ఒక్కటి చాలు. తండ్రి పంచె కంటే మంచిదేముంది?"

రాజు పెరటి వైపు చూశాడు. గది నిండా బట్టలున్నవాడే, కన్నబిడ్డకు చుట్టడానికి మాత్రం ఆయన కట్టిన బట్ట ఒక్కటీ మిగల్లేదు. పెరట్లో బూడిద మాత్రం కావలసినంత ఉంది. బిడ్డ ఏడుపు వింటూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఊళ్ళో ఎవరి దగ్గరైనా పాతగుడ్డ ఉంటే తెండి. శిక్షించను," అన్నాడు.

వీరన్న బిక్కుబిక్కుమంటూ వచ్చి బొడ్లోంచి మసిగుడ్డ తీశాడు. అది అప్పటికే నల్లగా మెరుస్తోంది.

"బిడ్డను చుట్టమంటావా, దీంతో గిన్నెలు దించమంటావా?" అని కసిరింది మంత్రసాని. "ఇది కుట్టినవాళ్ళెవరో ముందు చెప్పు."

వీరన్న నోట పారమ్మ పేరు వినగానే రాజు ఏనుగును కూడా పిలవలేదు. నడిచే ఏటి ఒడ్డుకు పోయాడు. పారమ్మ పాక ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"పారమ్మా, పొత్తిగుడ్డలు కావాలి. నాకు బిడ్డ పుట్టింది."

"సల్లగుండాలి," అంటూ లేచింది పారమ్మ. "కావలసినన్ని ఉన్నాయి మారాజా. పాతగుడ్డ ఊళ్ళోకి రాకూడదని కదా మీ ఆజ్ఞ?"

"ఆ ఆజ్ఞ ఈ క్షణమే రద్దు చేశాను."

"మీరు నాకు చెప్పారు. గుమ్మం దగ్గరి భటులకు ఎవరు చెప్పారు? నా నెత్తిన మూట చూస్తే వాళ్ళు ఆపుతారు. వాళ్ళకు సంగతంతా విప్పి చెప్పేలోగా బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంది. మీ నెత్తిన ఉంటే ఎవరూ ఆపరు."

రాజు మూట వంక చూశాడు. ఊరందరి ఇళ్ళనుంచీ వచ్చిన గుడ్డలవి. వంగి మూట నెత్తికెత్తుకున్నాడు.

భటులు నోరు తెరిచి దారి వదిలారు. రాజవీధిలో జనం ఇటూ అటూ నిలబడిపోయారు. ఎవరూ నవ్వలేదు. కిటికీలోంచి చూసిన ఒక ఆడమనిషి తన కుదురును కొంగులోంచి తీసి, అందరూ చూస్తుండగా నెత్తిన పెట్టుకుంది. పారమ్మ రాజు వెనకాల తలెత్తుకుని నడిచింది.

రాణిగారి గదిలో ఆమె మూట విప్పింది. ఎన్నో ఉతుకులకు వెన్నలా మెత్తబడ్డ ఒక నేత చీరను ఏరింది. అంచు తీసేసి, చేత్తోనే చించింది. కుట్లు లేత ఒంటికి ఒరుసుకుంటాయని కుట్టకుండానే బిడ్డను చుట్టింది. కింద చిన్న బొంత పరిచింది. బిడ్డ రెండుసార్లు వెక్కి, ఆవలించి, నిద్రపోయింది.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు మెల్లగా.

"నా ఇల్లు నాకు కావాలి. మీరు బట్టలు కాల్చడం మానండి. కట్టండి, ఉతికించండి, మెత్తబడ్డాక నాకివ్వండి. అప్పుడు మీ రెండో బిడ్డను ఊరివాళ్ళ గుడ్డల్లో కాదు, మీ పంచెలోనే చుడతాను."

ఆ మాట రాజు మనసులో నాటుకుంది. పారమ్మ ఆ సాయంత్రమే తన ఇంటి తలుపు తీసింది. మర్నాడు పొద్దున్నే మాణిక్యం కొత్త పట్టు మూటతో కోటకు వచ్చి, ఎప్పటిలాగే రాజు ముందు విప్పబోయాడు.

రాజు అతని వంక చూడనైనా చూడలేదు. దాసీని పిలిచి, "నిన్నటి నా పంచె ఆరిందా?" అని అడిగాడు.

అందుకే పిల్లలూ, కొత్తవస్తువు కొన్ననాడే వస్తుంది గాని మెత్తదనం వాడగా వాడగా వస్తుంది. పాతదని దేన్నీ పారేయకండి, దానికి తగిన పని వెతకండి.