వెచ్చుక

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు మేఘగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడు, నడిమివాడు జయకేతుడు, చిన్నవాడు చందనుడు.

పొరుగురాజు కూతురు కలువరేఖను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల రాతిదీవిలో దాచాడు. ఆమెను తీసుకొస్తానని రణకేతుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతూ జయకేతుడు వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు.

"నాన్నగారూ, నేను వెళ్తాను" అన్నాడు చందనుడు.  రాజు కొడుకు తల నిమిరి పంపాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?" అన్నాడు చందనుడు.

"గొయ్యి లోతుగా తవ్వలేకపోయాను నాయనా. పెద్ద అల వస్తే నా గుడ్లు కొట్టుకుపోతాయి."

చందనుడు గుడ్లన్నీ జాగ్రత్తగా మోసుకెళ్లి మెట్ట మీది ఇసుకలో దాచాడు. తాబేలు కళ్లు తుడుచుకుంది. "నా ఒళ్లు చల్లన, పొదగలేను. ఆ వెచ్చటి ఇసుకే నా పిల్లలకు తల్లి. రా నాయనా, నా వీపెక్కు" అంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, అలా ఏడూ దాటి అతన్ని రాతిదీవిలో దించింది.

ఆ దీవిలో చెట్టు లేదు, గడ్డి లేదు. ఎటు చూసినా రాళ్లు, రాళ్ల మీద పచ్చటి నాచు. మధ్యలో రాతి మనుషులు. వాళ్లలో తన అన్నలిద్దరూ ఉన్నారు! చందనుడు పెద్దన్న చెంపకు తన చెంప ఆనించాడు. మంచుగడ్డలా ఉంది.

"వచ్చావా, మూడోవాడా!" అంటూ కరాళుడు నవ్వుతూ వచ్చాడు. "నా ప్రాణం దాచుకోవడానికి చోటు కావాలిరా. చిలకలో దాచుకున్నవాళ్ల గతి చూశాను. మాంత్రికుడనగానే ప్రతి రాకుమారుడూ చిలక పంజరం వెతుక్కుంటూ వచ్చేస్తాడు! లోకంలో ఎవరూ ఎరగని జంతువు కావాలి నాకు. ఇదిగో మాయమట్టి. బొమ్మ చేసి, ఎలా బతకాలో దాని చెవిలో చెప్పు. అది లేచి తిరుగుతుంది. మూడు రోజులు బతికిందా, రాకుమారినీ నీ అన్నలనూ తీసుకుపో. చచ్చిందా, నువ్వూ రాయివే."

ఒక పక్క కలువరేఖ చిన్న గుంట మీద గులకరాళ్లు పేరుస్తోంది.

"ఎవరిది రాకుమారీ, ఆ సమాధి?"

"మీ రెండో అన్నగారు చేసిన జంతువుది" అంది ఆమె. "పెద్దాయన తను చేసినదానికి బంగారు కొమ్ములు పెట్టారు, వెండి రెక్కలు పెట్టారు. ఏం తినాలో చెప్పలేదు. అది నోరు తెరిచి నా వంకే చూస్తూ పోయింది. రెండో ఆయన తిండి చెప్పారు, నిద్ర చెప్పలేదు. ఇది తిరిగి తిరిగి నా ఒళ్లో పడిపోయింది. మాంత్రికుడు చేసినవైతే లెక్కే లేదు. అన్నిటినీ నేనే పూడ్చాను. చివర్లో అన్నీ వణికేవి. ఎవరైనా దగ్గరికి తీసుకుంటారేమోనని చూసేవి."

చందనుడు ఆమె పక్కన కూర్చుని మట్టి తడిపాడు.

"ఇక్కడ తినడానికి ఏముంది?"

"రాళ్ల మీది నాచు."

"అయితే గీరుకు తినడానికి గరుకు నాలుక పెడదాం. మరి నీళ్లు?"

"పొద్దున్నే నాచు నిండా మంచుబొట్లు ఉంటాయి. అవి చాలు. రాళ్ల మీద జారిపడకుండా అరికాళ్లు మెత్తగా చెయ్యండి."

"పడుకునేటప్పుడు కళ్లలో ఎండ పడుతుందే?"

"చెవులు పెద్దవి పెడితే సరి. కళ్ల మీద కప్పుకుంటుంది!" అని కలువరేఖ నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో, తన నవ్వుకు తానే ఉలిక్కిపడింది. "పొట్ట మీద మాత్రం బొచ్చు వద్దు. పిల్లల్ని పొదువుకుంటే వేడి తగలాలి కదా."

అవన్నీ చందనుడు బొమ్మ చెవిలో చెప్పాడు. చివరిగా, "నీకు చలేస్తే ఎవరి పక్కనైనా ఒదుగు. ఎవరికైనా చలేస్తే నువ్వెళ్లి వాళ్ల పక్కన ఒదుగు. వాళ్ల ఒళ్లు వెచ్చబడేదాకా లేవకు" అన్నాడు.

మట్టి కదిలింది. కుందేలంత జంతువు, పొగరంగు బొచ్చుతో లేచి తుమ్మింది. తిన్నగా కలువరేఖ ఒళ్లోకెక్కి గుర్రు గుర్రుమంది. "అమ్మా, ఎంత వెచ్చగా ఉందో! వెచ్చుక అందాం దీన్ని" అంది ఆమె.

వెచ్చుక నాచు తింది, మంచుబొట్లు నాకింది, చెవులు కప్పుకుని నిద్రపోయింది. మూడు రోజులూ బతికింది. కరాళుడు పొంగిపోయి తన ప్రాణాన్ని తీసి దానిలో దాచాడు. దాచగానే మాట మార్చాడు.

"నా గుట్టు తెలిసినవాణ్ని ఎలా వదులుతానురా?"

వెచ్చుక అప్పుడు చందనుడి చేతుల్లోనే ఉంది. ఒక్కసారి మెడ నులిమితే మాంత్రికుడు చస్తాడు. అది అతని బొటనవేలు నాకి ఆవులించింది. చందనుడు దాన్ని కలువరేఖ చేతుల్లో పెట్టేశాడు. మరుక్షణం రాయయిపోయాడు.

కలువరేఖ భోరుమంది. వెచ్చుక ఆమె చేతుల్లోంచి దూకి, రాతి చందనుడి పాదాలకు పొట్ట ఆనించి పడుకుంది. రాయి వెచ్చబడలేదు, వెచ్చుక లేవలేదు. నాచు పెట్టినా ముట్టలేదు. సాయంత్రానికి దాని ఒళ్లు చల్లబడసాగింది. కరాళుడికి వణుకు మొదలైంది.

దాన్ని లాక్కొచ్చి దుప్పటి కప్పాడు. అది మళ్లీ వెళ్లింది. తాడుతో కట్టాడు. అది ఏడ్చిన ఏడుపుకు అతని గుండె మెలితిరిగింది.

"ఏం కావాలే దీనికి?" అని అరిచాడు.

"ఆయన ఒళ్లు వెచ్చబడాలి. అంతే" అంది కలువరేఖ.

ప్రాణం మీదికి వచ్చేసరికి కరాళుడు మంత్రం వెనక్కి తీసుకున్నాడు. చందనుడు కళ్లు తెరిచాడు. వెచ్చుక లేచి ఒళ్లు దులుపుకుని రణకేతుడి పాదాల దగ్గర పడుకుంది. కరాళుడు పళ్లు కొరుకుతూ రణకేతుణ్ని లేపాడు. అది జయకేతుడి దగ్గరికి వెళ్లింది. అతన్నీ లేపాడు. అలా దీవిలో ఒక్క రాతి మనిషి కూడా మిగల్లేదు. అన్నదమ్ములు ముగ్గురూ ఒకర్నొకరు వాటేసుకున్నారు.

కరాళుడు దూరంగా ఒక బండ మీద కూలబడ్డాడు. "నీ చేతికి చిక్కిందిగా, ఎందుకు నులమలేదురా?" అన్నాడు.

"ఇప్పుడిప్పుడే చెవులు కప్పుకుని నిద్రపోవడం నేర్చుకుంది. నాకు చేతులు రాలేదయ్యా" అన్నాడు చందనుడు.

 వెచ్చుక తల ఎత్తి నలుదిక్కులా చూసింది. మెల్లగా నడిచి వెళ్లి కరాళుడి పాదాల మీద పొట్ట ఆనించి పడుకుంది. అతను కాలు లాక్కోబోయి, లాక్కోలేకపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అతని దగ్గరికి తనంతట తాను వచ్చిన ప్రాణి అదొక్కటే. ముసలి మాంత్రికుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు కరాళుడు వెచ్చుకకు తోడుగా ఒక మగ వెచ్చుకను చేశాడు. అతను చేసినది బతకడం అదే మొదలు. కొన్నాళ్లకు ఆ దీవి నిండా పిల్ల వెచ్చుకలు గుర్రు గుర్రుమంటూ తిరిగాయి. అతను వాటికి కాపలా ఉండిపోయాడు.

ముసలి తాబేలు విడతలవారీగా అందరినీ ఏడు సముద్రాలూ దాటించింది. మేఘగిరిలో చందనుడికీ కలువరేఖకూ ఆకాశమంత పందిరి వేసి పెళ్లి చేశారు. అన్నలిద్దరూ, "మమ్మల్ని రాళ్లలోంచి లేపినవాడే మా రాజు" అని తమ్ముణ్ని సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఆ దంపతులు జుట్టు నెరిసేదాకా రాజ్యం ఏలారు. ఎవరైనా ఏడుస్తూ కొలువుకు వస్తే, ముందు పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తర్వాతే సంగతేమిటని అడిగేవారట.