జాముకు ఎన్ని గడియలు

ఎర్రకొండ కింద నబీ షా అనే ఫకీరు ఉండేవాడు. ఆయన శిష్యుడు మౌలాలికి లెక్కలంటే ప్రాణం. అది తప్పేం కాదు. తన లెక్కంటే ఇంకా ప్రాణం. వచ్చిన చిక్కంతా దాంతోనే.

ఆ కొండ ఊటే ఎగువపల్లెకూ దిగువపల్లెకూ ఆధారం. ఊటను రెండు పాయలు చేసి సరిసమానంగా పంచుకోవాలని తాతల నాటి కట్టుబాటు. కానీ ఎవరి వాటా వాళ్లు తమ కొలతలోనే చెప్పుకునేవాళ్లు. "మా పాయలో గడియకు నూట అరవై కడవలు" అనేది ఎగువపల్లె. "మా పాయలో జాముకు నూట ఇరవై బానలు" అనేది దిగువపల్లె. బానకు పది కడవలు పడతాయి. వానలు బాగున్నన్నాళ్లు ఇదంతా ఎవరికీ పట్టలేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి.

దిగువపల్లె పెద్ద ఓబన్న ఫకీరు దగ్గరికి వచ్చాడు.

"సామీ, పైనోళ్లకు ఎక్కువ పోతోందని మావాళ్లు కత్తులు నూరుతున్నారు. ఎవరికెంతో మీరే తేల్చండి."

నబీ షా నోరు తెరవకముందే మౌలాలి ఇసకలో వేలు పెట్టాడు. రెప్పపాటులో తేల్చేశాడు.

"నూట ఇరవై బానలంటే పన్నెండు వందల కడవలు. అది జాముకు. గడియకు చూస్తే నూట యాభై. ఎగువపల్లె వాళ్లకు గడియకు పది కడవలు ఎక్కువ పోతున్నాయి."

మౌలాలి లెక్కంటే రెండూళ్లకూ గురి. ఆ సాయంత్రమే ఎగువపల్లె పాయ మూతికి ఒక రాయి అడ్డం పెట్టారు. ఓబన్న కూతుర్ని ఇచ్చింది ఎగువపల్లెకే. ఆ రోజు నుంచి వియ్యంకుడు ఎదురైతే ఆయన తల తిప్పుకుని పోసాగాడు. నీళ్ల దొంగతో మాటలేమిటని.

పదో రోజు ఎగువపల్లె నుంచి సుంకులమ్మ వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పసిపిల్లలు. పాయకు చిట్టచివర ఉన్న అరెకరం రాగిచేనే వాళ్ల తిండి. వాడిపోయిన కంకులు పిడికెడు తెచ్చి ఫకీరు ముందు పెట్టింది.

"నీళ్లు నా గట్టు దాకా వచ్చి ఆగిపోతున్నాయి సామీ. ఇంకో నాలుగు రోజులు ఇట్లే ఉంటే గింజ పట్టదు. పిల్లల్ని తీసుకుని యాడికన్నా పోవాల్సిందే."

మౌలాలికి జాలి వేసింది. జాలి వేసినా మాట తగ్గలేదు.

"నీ కష్టం నాకు తెలుస్తోందమ్మా. కానీ లెక్క లెక్కే. ఇన్నాళ్లూ మీరు వాడుకున్నది దిగువపల్లె వాళ్ల నీళ్లు."

"నీ లెక్క తప్పని నేననలేదు నాయనా," అంది సుంకులమ్మ. "నా చేను ఎండుతోందన్నాను."

నబీ షా కంకుల్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"రేపు పొద్దు పొడవకముందే గడియ గిన్నె పట్టుకుని రా," అన్నాడు శిష్యుడితో.

అడుగున సన్నటి చిల్లి ఉన్న గిన్నె అది. నీళ్ల తొట్టిలో వదిలితే మెల్లగా నిండి, సరిగ్గా గడియకు మునుగుతుంది.

"పొద్దు పొడిచింది మొదలు నడినెత్తికి వచ్చేదాకా ఎన్నిసార్లు మునిగిందో చెప్పు."

"దానికి కూర్చోవడం ఎందుకు బాబా? రెండు జాములు, పదహారు గడియలు."

"మంచిది. చూసి చెప్పు."

పగలూ రాత్రీ సమంగా ఉండే రోజులవి. మౌలాలి మూతి ముడుచుకునే తొట్టి పక్కన కూర్చున్నాడు. గిన్నె మునిగినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీసి, గిన్నె తీసి మళ్లీ వదిలాడు. సుంకులమ్మ కాస్త దూరంలో మోకాళ్లు కట్టుకుని కూర్చుంది.

పదిహేనోసారి గిన్నె మునిగేసరికి, పొద్దు చూడ్డానికి ముంగిట్లో పాతిన కర్ర నీడ మధ్యాహ్నపు గీత మీదికి వచ్చేసింది. మౌలాలి మళ్లీ గిన్నె వదిలాడు. అది తేలుతూనే ఉంది. నీడ గీత దాటిపోయింది.

గిన్నె తీసి చిల్లిలోకి ఊది చూశాడు. నలుసు కూడా లేదు. గోడ మీది గీతలు వేలితో మళ్లీ ఎంచాడు. పదిహేనే.

"జాముకు ఏడున్నర గడియలని నాకు తెలుసు బాబా," అన్నాడు. "ఏడున్నరతో భాగించడం తలనొప్పి, ఎనిమిదనుకుంటే తేలిగ్గా పోతుందనుకున్నాను. అర గడియే కదా అనుకున్నాను. తర్వాత ఆ ఎనిమిదే నిజమనుకుంటూ వచ్చాను."

ఇసకలో లెక్క మళ్లీ వేశాడు. పన్నెండు వందల కడవలు, ఏడున్నర గడియలు. గడియకు నూట అరవై. రెండు పాయలూ ఒక్కటే. ఎవరి నీళ్లూ ఎవరూ తీసుకోలేదు.

"ఇంకా కూర్చున్నావేం?" అన్నాడు నబీ షా.

మౌలాలి చెప్పులు కూడా తొడుక్కోలేదు. రెండూళ్ల పెద్దల్నీ పిలిపించి, వాళ్ల ఎదుటే బురదలోకి దిగి రాయి తీసేశాడు. "ఎగువపల్లె వాళ్లు చుక్క కూడా ఎక్కువ తీసుకోలేదు. తప్పు లెక్క కట్టింది నేను," అన్నాడు. దెబ్బలకు సిద్ధపడే నిలబడ్డాడు.

ఓబన్న గట్టు మీద చతికిలబడి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"పది రోజులైందిరా నా బిడ్డ ఇంటికి పోయి. వాళ్లు దొంగలు కాదన్నావు, అంతే చాలు. నెత్తిన బండ దించినట్టుంది."

లేచి దుమ్ము దులుపుకుని వియ్యంకుడి దగ్గరికి పోయాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ, కలిసే ఎగువపల్లె దారి పట్టారు.

సాయంత్రానికి నీళ్లు సుంకులమ్మ గట్టు దాటాయి. పిల్లలిద్దరూ కాలువలో పడి ఆడుతుంటే ఆమె తిట్టింది. తిడుతూనే నవ్వింది. చూసి మౌలాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరిగి వచ్చి గురువు దగ్గర కూర్చున్నాడు.

"నా లెక్క తప్పని మీకు మొదటి రోజే తెలుసు కదా బాబా?"

"తెలిస్తే పది రోజులు ఊరుకుంటానా? నువ్వు చెప్పిందే నిజమనుకున్నాను."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టారు?"

"నాకు భాగహారం రాదు నాయనా," అన్నాడు నబీ షా. "పిల్లల నోటికాడి కూడు పోతోందంటే ఇంకోసారి చూసుకోవాలని మాత్రం తెలుసు."