ఖాళీ ఉండకూడని గడి

ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు సదాశివం మాస్టారికి లేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏదో పాత సంగతి ఎత్తుకుంటారు. విజయనగరంలో ఒక మేడ మీద గదిలో ఆయన మాకు డేటాబేస్ పాఠాలు చెప్పేవారు.

ఆ రోజు ప్రసూన విసిగిపోయి ఉంది. పట్టికలో కొత్త వరుస చేర్చమని ఇన్సర్ట్ ఆదేశం ఇస్తుంటే, తేదీ గడి ఖాళీగా ఉందని డేటాబేస్ ఒప్పుకోవడం లేదు. "తేదీ తెలియనప్పుడు ఏదో ఒకటి వేసేస్తే ఏం పోతుంది సార్? ముందు వరుస ఎక్కుతుంది, తర్వాత దిద్దుకోవచ్చు" అంది. మాలో సగం మంది చేసే పని అదే.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. వయసులో ఉండగా ఆయన సముద్రపుటొడ్డున ఒక తుపాను సహాయ కార్యాలయంలో ఆపరేటరట. ఆదివారం తుపాను వచ్చింది. మృతుల వివరాలకని కట్టిన పట్టిక ఒకటి ఉంది. దొరకనివాళ్లని కూడా అందులోనే ఎక్కించమని సోమవారం పైనుంచి కబురొచ్చింది. అప్పటికి దొరకనివాడు ఒక్కడే, ఒంటరిగా తెప్ప మీద వేటకెళ్లిన కూర్మయ్య. అతని వరుస ఎక్కలేదు. చనిపోయిన తేదీ గడి ఖాళీగా ఉండకూడదంది డేటాబేస్. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే మాట. మూడోసారి కూడా కాదన్నాక, మాస్టారు ఆ సోమవారం తేదీనే వేసేశారు. వరుస చక్కగా ఎక్కింది. పని అయిందని టీ తాగడానికి వెళ్లారట.

మర్నాడు పొద్దున ఆ జాబితా గాలింపు పడవల దగ్గరికి వెళ్లింది. అందులో అందరి పేరు పక్కనా తేదీ ఉంది. ఇక వెతకవలసినవాడెవడూ లేడనుకుని పడవల్ని వెనక్కి పిలిచేశారు.

శనివారం తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది, దాని మీద కూర్మయ్య శవంతో. మర్నాడు అతని భార్య తవిటమ్మ కార్యాలయానికి వచ్చి, అతని మొలకున్న తాడు బల్ల మీద పెట్టింది. దానికి ఐదు ముళ్లున్నాయి. సముద్రంలో చిక్కుకుపోయినవాడు పొద్దు పొడిచినప్పుడల్లా ఒక ముడి వేసుకుంటాడట, రోజుల లెక్క తప్పకుండా.

"మీరు సోమారం పోయినాడని రాసినారు బాబూ" అంది తవిటమ్మ. "మా మావ సుక్కురారం దాకా ముడేసినాడు."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తేదీ మార్చమని మాత్రం అడిగింది. మాస్టారు మార్చారు. అరనిమిషం కూడా పట్టలేదట.

నాకు చాలా భయమేసింది. తెర మీద ప్రసూన వరుస ఇంకా అలాగే ఆగి ఉంది.

"మరి అప్పుడు ఏం చెయ్యాల్సింది సార్?" అందామె.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"అది మూడుసార్లు వద్దందమ్మా. నేనే వినలేదు."