పిల్లలకి పిల్లలు

చేపపిల్లల్ని పట్టినవాళ్ల వల తగలబెట్టాలని రాజుగారి ఆజ్ఞ. బెస్త నూకాలు బుట్టలో వేలెడేసి పరిగె చేపల్ని చూసి, కోట నుంచి కొత్తగా వచ్చిన అధికారి ఆమె వల లాక్కున్నాడు.

"ఇవి పిల్లలే!"

"కాదు బాబయ్యా, పరిగెలు. వీటి ఎదుగుదల ఇంతే. నమ్మకపోతే మీ నీళ్లతొట్టిలో పెంచండి. జానెడైతే వల తగలబెడుదురుగాని, నిప్పు నేనే తెస్తాను."

అధికారి రోజూ తవుడు వేసి, పుల్లతో కొలిచాడు. తవుడు తరిగింది గానీ చేప పెరగలేదు. రెండు నెలలకి తొట్టినిండా బియ్యపుగింజంత చేపలు! బుర్ర గోక్కుంటూ నూకాలుని పిలిపించాడు.

"పిల్లలకి పిల్లలెలా పుట్టాయే?"

"నాకూ అదే అర్థం కావడం లేదు బాబయ్యా. ఇందులో పిల్లలేవో మీరే ఏరి చెరువులో వదలండి. మిగిలినవి నా బుట్టలో వెయ్యండి. ఇంతకీ నా వల ఎక్కడ పెట్టారు?"