మెట్టెక్కని ఆవు

వరదలో ఊరు కొట్టుకుపోతే, అందరికీ కొత్త ఇళ్లు కట్టించమన్నాడు రాజు. దివాను నడుమెత్తు అరుగుల మీద, నిటారు మెట్లతో కట్టించాడు. కర్ర ఊతంతో నడిచే ఆవులకాపరి నూకాలు, "పక్కన వాలుగా ఓ దారి వేయించండి బాబూ" అని బతిమాలింది.

"నీ కుంటికాలి కోసం ఇళ్ల అందం చెడగొట్టనా?" అంటూ దివాను గెంటించాడు.

గృహప్రవేశానికి రాజు స్వయంగా వచ్చాడు. ఇంట్లో ముందుగా అడుగుపెట్టాల్సిన ఆవును మందలోంచి ఏరి తెచ్చింది నూకాలే. నిండుచూలుతో ఉన్న ఆ ఆవు మొదటి మెట్టు దగ్గరే మొరాయించింది. ముహూర్తం దాటిపోతోంది. రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

దివాను నూకాలు వైపు తిరిగాడు. "వేరే ఆవును తే! లేకపోతే కొరడా దెబ్బలే!" అని అరిచాడు.

అయినా నూకాలు కర్ర గట్టిగా పట్టుకుని నిలబడింది.

"ఆవునైతే మారుస్తాను బాబూ. రేపు ఈ ఇంట్లో చూలాలో ముసలమ్మో మెట్టెక్కలేకపోతే, వాళ్లకు బదులు ఎవర్ని తెమ్మంటారు?"

రాజు ముందుకొచ్చి ఆ మెట్ల ఎత్తు చూశాడు.

"ఆవును కాదు, ముహూర్తాన్ని మార్చండి. వాలుదారి లేని కొత్త ఇంటికి ఇకపై నా రాజ్యంలో గృహప్రవేశమే లేదు" అన్నాడు.

ఆ పూట వాలుదారికి మొదటి తట్ట మట్టి దివానే మోశాడు.