బండమీద చూపని బొచ్చె

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో తెల్లవారింది. సన్నగా తుంపర పడుతోంది. ఏటికి కొత్తనీరు వచ్చింది. గుడ్లు పెట్టడానికి బొచ్చె చేపలు ఎదురెక్కి వస్తున్నాయి.

ఆ ఏటి నీటికుక్కలకు ఒక ఆచారం ఉంది. పిల్లలు తొలిసారి పట్టిన చేపను బండమీద పెట్టి అందరికీ చూపాలి. చూపితేనే పెద్ద మడుగులో వేటకు హక్కు. ఏటేటా చేపలు తగ్గిపోతున్నాయని తాబేలు పెద్దమ్మ ఈసారి కొత్త కట్టుబాటు పెట్టింది. "గుడ్ల చేప దొరికితే, చూపించి మళ్లీ ఏట్లో వదిలేయండి" అంది.

"పట్టింది వదలడమేమిటి?" అన్నారు కొందరు.

"వదిలితేనే రేపటికి ఉంటుంది" అన్నారు ఇంకొందరు.

తల్లి నీటికుక్క గోరింత ఏటి ఒడ్డునే నిలబడింది. దాని చూపంతా వరదమీదే ఉంది. ముగ్గురు పిల్లలూ అందులోనే ఉన్నారు.

మొదట మువ్వ ఒక గుడ్ల చేపను బండమీదికి ఈడ్చింది. చేపను చూసి హక్కు తేల్చే ముంగిస మామ చుట్టూ తిరిగాడు. "బాగుంది. ఇటు తిప్పు, ఆ పక్క కూడా చూడనీ" అన్నాడు. అందరూ తీరిగ్గా చూశాక వదిలారు. జువ్వ తెచ్చిన గుడ్ల చేపకూ అదే మర్యాద జరిగింది.

మూడోది గవ్వ. అది చేపను నీళ్లలోనే పట్టుకుని ఆగిపోయింది.

"పైకి తేవే" అన్నాడు ముంగిస మామ.

"తేను మామా. ఇది కూడా గుడ్లతో ఉంది. ఇందాక వదిలినవాటిని చూడు."

దిగువన రెండు బొచ్చెలు పొట్టలు పైకి తేలి కొట్టుకుపోతున్నాయి.

"నీళ్లలో ఉన్నదాన్ని ఎవరు చూశారు? నిన్న నేనూ ఏనుగంత చేపను పట్టి వదిలాను. నమ్ముతావా?" అన్నాడు మామ. అందరూ నవ్వారు. "బండ ఎక్కించకపోతే నీకు మడుగు లేదు."

గవ్వ తల్లివైపు చూసింది. గోరింత నీటి అంచుదాకా వచ్చింది. మడుగు లేకపోతే ఎండాకాలమంతా బిడ్డకు పస్తే.

"పట్టింది నువ్వు. నువ్వే తేల్చుకో" అంది.

గవ్వ పట్టు వదిలింది. బొచ్చె మొప్పలాడించి, ఎగువకు దూసుకుపోయింది.

తాబేలు పెద్దమ్మ దిగువకు చాలాసేపు చూసింది. మెల్లగా నీళ్లలోకి దిగింది.

"చావడానికా మనం వాటిని వదిలింది? ఇక బండ వద్దు. చూడాలనుకున్నవాళ్లే నీళ్లలోకి దిగాలి. గవ్వ చేపను నేను చూశాను. దానికి మడుగు ఉంది."

జన్మలో కాలు తడపని ముంగిస మామ, తోక పైకెత్తుకుని గొణుక్కుంటూ దిగాడు.

ఎవరూ అడగకపోయినా, ఎదురొచ్చిన ప్రతివాళ్లతో "అది మా గవ్వే" అని చెప్పుకుంది గోరింత.

పొద్దుగూకింది. బొరియ ముందు నిలబడి లెక్కపెట్టుకుంది. మువ్వ వచ్చింది. జువ్వ వచ్చింది. తల ఎత్తుకుని గవ్వ వచ్చింది. ముగ్గురూ వచ్చారు.

నీతి: ఒక ప్రాణాన్ని విడిచిపెడితే, అది బతికేలా విడిచిపెట్టాలి.